అటక మీద రెండంగుళాలు

"నాకు తగల్లేదు కదా. నాకు తగలంది నీకెలా తగులుతుంది? మనిద్దరం ఒకటే ఎత్తాయె," అన్నాడు క్లైవ్.

అటక మధ్యలో, నడిదూలం కింద నిలబడి అన్నాడా మాట. కొత్తగా వేయబోయే సీలింగు ఎంత కిందికి దిగుతుందో చూపించడానికి కాంట్రాక్టరు డెస్ రెండు వాసాల మధ్య ఒక చెక్క అడ్డంగా కొట్టిపెట్టాడు. క్లైవ్ దాని కిందికి వెళ్ళి, బడిపిల్లాడిలా మడమలు దగ్గరికి చేర్చి, తన బట్టతలకీ చెక్కకీ మధ్య మూడు వేళ్ళు దూర్చి మరీ చూపించాడు. అప్పటికి అతని భార్య జెనీన్ నిచ్చెన పైమెట్టు మీద ఉంది. అటక కన్నంలోంచి నడుము దాకా పైకి తేలింది, చేతిలో టీ కప్పుల పళ్ళెం. డెస్ కప్పులో మూడు చెంచాల చక్కెర, క్లైవ్ కప్పులో ఒకటిన్నర. పొద్దున్నించి ఇది నాలుగో విడత. ఉత్తర ఇంగ్లండులోని ఆ హాలిఫాక్స్ ఊళ్ళో ఇంటికి పనివాళ్ళొచ్చారంటే ఆ ఇంటావిడ గంటకోసారి టీ కాచాల్సిందే. ఆ టీ నీళ్ళలా ఉందా, చిక్కగా ఉందా అన్నదాన్ని బట్టే వీధిలో ఆమె పేరు. నిచ్చెన మీద పళ్ళెం ఒలక్కుండా ఎక్కడం ఒక విద్య, ఆ విద్యకి సర్టిఫికెట్లు ఇవ్వరు గానీ.

"అయితే పాత ఫెల్టు ఉంచేద్దామంటారా మాస్టారూ?" అన్నాడు డెస్. క్లైవ్ డ్రైవింగు మాస్టారు. పాతికేళ్ళ కిందట డెస్ కి కారు నేర్పింది అతనే. ఇప్పుడు నలభై ఏడేళ్ళవాడు, తన కింద ఐదుగురు పనివాళ్ళున్నవాడు, అయినా క్లైవ్ ఎదురుగా నిలబడితే ఎడమపక్క అద్దం చూసుకోవడం మర్చిపోయిన కుర్రాడి మొహం పెడతాడు.

"ఉంచెయ్యి. యాభై ఏళ్ళు ఆగింది, ఇంకో యాభై ఆగుతుంది."

"గురువారం మధ్యాహ్నానికల్లా ఖాయం చెయ్యండి. శుక్రవారం దాటితే పరంజా విప్పేస్తారు. ఆ తర్వాత కావాలన్నా కుదరదు."

ఇద్దరూ కప్పులు అందుకున్నారు. జెనీన్ ని ఎవరూ ఏమీ అడగలేదు. డెస్ మాత్రం, "బ్రహ్మాండంగా ఉంది తల్లీ," అన్నాడు, టీ గురించి.

సంగతేమిటంటే, పైకప్పు పెంకుల కింద వాసాల మీద ఒక నల్లటి తారు గుడ్డ పరిచి ఉంది. దాన్నే ఫెల్టు అంటారు. పెంకుల సందుల్లోంచి దూరే వాన నీళ్ళని అది ఆపుతుంది. ఆపడం వరకూ మంచిదే, కానీ లోపలి ఆవిరిని కూడా అది బయటికి పోనివ్వదు. అందుకని అటకని గదిగా మార్చేటప్పుడు ఆ ఫెల్టుకీ, చలి ఆపడానికి వేసే పలకలకీ మధ్య గాలాడటానికి రెండంగుళాల ఖాళీ వదలాలి. వదలకపోతే చెమట పట్టి వాసాలు కుళ్ళుతాయి. ఖాళీ వదిలితే ఆ మేరకు సీలింగు కిందికి దిగుతుంది. అలా కాకుండా, పెంకులన్నీ దింపి పాత ఫెల్టు పీకేసి, ఆవిరిని పోనిచ్చే కొత్తరకం గుడ్డ పరిస్తే ఖాళీ అక్కర్లేదు. పలకల్ని గుడ్డకి ఆనించేయొచ్చు. సీలింగు రెండంగుళాలు పైకి లేస్తుంది. పొగగొట్టం బాగుచెయ్యడానికి పరంజా ఎలాగూ కట్టారు కాబట్టి నాలుగు రోజులు ఎక్కువ పని, అంతే.

ఇదంతా జెనీన్ కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఇళ్ళు కట్టే సామాను దుకాణంలో కౌంటరు మీద ఆ గుడ్డ చుట్టలే అమ్ముతోంది. ఏది ఎన్ని గాలివానలకి ఆగుతుందో, ఏ చుట్టని ఏ వాలు మీద అంచు మీద అంచు ఎంత ఎక్కించి పరచాలో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. అయినా రోజుకొకడైనా వస్తాడు, బూట్లకి సున్నంతో, ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూస్తూ, "లోపల మగాళ్ళెవరన్నా ఉన్నారా అమ్మా? కప్పు గురించి ఒక మాట అడగాలి," అంటాడు. జెనీన్ మారుమాట్లాడకుండా తనతో పనిచేసే కెవిన్ ని పిలుస్తుంది. కెవిన్ వచ్చి నిలబడి, వాడి ప్రశ్న విని, జెనీన్ వైపు తిరిగి, "మనమేం చెప్తాం దీనికి?" అంటాడు. ఆమె చెప్తుంది. కెవిన్ అదే మాట వాడికి తిప్పి చెప్తాడు. వాడు కెవిన్ కి థాంక్స్ చెప్పి వెళ్ళిపోతాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. జెనీన్ కి ఇంటా రచ్చా రెండుచోట్లా ఒకటే వరస.

ఇక ఆ "ఒకటే ఎత్తు" మాట సంగతి.

అది ఈ ఇంట్లో ముప్ఫై అయిదేళ్ళుగా చెలామణీ అవుతున్న మాట. దాన్ని మొదలుపెట్టింది ఎవరంటే, నిజం చెప్పుకోవాలి, జెనీనే. కార్పెట్ మిల్లు వాళ్ళ క్రిస్మస్ డాన్సులో క్లైవ్ తన దగ్గరికి వచ్చి చెయ్యి చాపినప్పుడు ఆమెకి ఇరవై ఒకటి. అంతకుముందు ఆ సాయంత్రం ఇద్దరు కుర్రాళ్ళు ఆమె వైపు వచ్చి, ఆమె కుర్చీలోంచి లేవగానే మొహం మార్చుకుని పక్కపిల్లని అడిగారు. అందుకని క్లైవ్ వచ్చినప్పుడు ఆమె పూర్తిగా లేవలేదు. మోకాళ్ళు కాస్త వదులుగా, భుజాలు కాస్త ముందుకి, మెడ కాస్త పక్కకి. ఒక పాట అలా ఆడేస్తే పోతుందనుకుంది. "అరె, మనిద్దరం సరిగ్గా ఒకటే ఎత్తు," అన్నాడు క్లైవ్, ఎంత సంతోషంగా అన్నాడో. ఆ సంతోషం చూసి జెనీన్ కి ముద్దొచ్చింది. "అవును కదా," అంది. ఒక పాటకనుకున్నది ఒక కాపురమైపోయింది.

అత్తగారు ఎడ్నా మాత్రం మొదటి చూపులోనే కనిపెట్టింది. ఐదడుగులు కూడా లేని మనిషి, కళ్ళు మాత్రం కొలబద్దలు. పెళ్ళినాడు చర్చి మెట్ల మీద ఫోటోకి నిలబడ్డప్పుడు, "నువ్వు ఒక మెట్టు దిగమ్మా, మావాడు ఫోటోలో కనపడాలి కదా," అంది అందరూ వినేలా. తర్వాత తర్వాత నవ్వులాటలోకి దింపింది. "మా కోడలుంటే చిక్కుడు తీగకి కర్ర పాతక్కర్లేదు, దాన్ని పెరట్లో నిలబెడితే చాలు," అనేది చుట్టాలతో. ఆమె అన్నప్పుడల్లా జెనీన్ ఇంకాస్త ఒంగేది. క్లైవ్ ఏమీ అనేవాడు కాదు. తల్లి మాట అతని చెవికి ఎక్కేదే కాదు. "అమ్మకి వేళాకోళం ఎక్కువ. మనిద్దరం ఒకటే ఎత్తు కదా," అనేవాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఇంట్లో ఒక అబద్ధం ముప్ఫై ఏళ్ళు నిలబడాలంటే దానికి ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు చెప్పడానికి, ఒకరు చూడకుండా ఉండటానికి.

ఇల్లు ఎడ్నాది. వంటగట్టు ఎడ్నా నడుము ఎత్తుకి కట్టింది. సింకు అంతకంటే కిందికి. దానిమీద ముప్ఫై అయిదేళ్ళు గిన్నెలు తోమితే మనిషి వెన్ను ఏమవుతుందో జెనీన్ వెన్నుని అడిగితే చెప్తుంది. గట్టు ఎత్తు పెంచుదామని ఒకసారి అడిగింది, కూతురు పుట్టిన ఏడాది. "అమ్మకి అందదు కదా," అన్నాడు క్లైవ్. న్యాయమే. అమ్మకి అందదు. మూడేళ్ళ కిందట అమ్మ పోయింది. గట్టు అలాగే ఉంది. ఇప్పుడు ఎవరికి అందదో జెనీన్ అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఆ అడగడమే రాదు ఆమెకి.

ఆ ఇంట్లో ఆమె నిటారుగా నిలబడే చోటు ఒక్కటే ఉండేది, అటక. దాని సంగతి ఆమెకి తెలిసిందే పొరపాటున. కూతురికి నాలుగేళ్ళప్పుడు ఒక గడ్డకట్టే జనవరిలో పైన నీళ్ళతొట్టి మంచుకట్టిపోయిందేమో చూసి రమ్మని క్లైవ్ ఆమెని పంపాడు. టార్చి పట్టుకుని, దుమ్ములో వాసాల మధ్య ఒంగి ఒంగి నడుస్తూ నడిదూలం కిందికి వచ్చింది. అక్కడ ఎత్తు ఉంది. ఎవరూ లేరు. ఆమె మెల్లిగా లేచింది. లేస్తూ ఉంది, లేస్తూనే ఉంది, ఇంకా ఉంది లేవడానికి. వెన్నులో ఎముకలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని కూచున్నాయి. పక్కటెముకలు విడివడి, ఎన్నేళ్ళనించో కిందే ఆగిపోతున్న ఊపిరి లోపలికంటా వెళ్ళింది. జెనీన్ కి ఏడుపొచ్చింది. తనని తను ఇంతగా కోరుకుంటున్నట్టు అప్పటిదాకా ఆమెకి తెలీదు. మనుషులు ఊళ్ళ కోసం, ప్రేమించినవాళ్ళ కోసం అల్లాడిపోతారని వింటాం. తన పొడుగు కోసం తనే బెంగపెట్టుకున్న మనిషి గురించి ఎక్కడ వింటాం?

తర్వాత వారానికి రెండుసార్లైనా పైకి వెళ్ళేది. పెట్టెలు దింపాలని ఒకసారి, క్రిస్మస్ దీపాలు సర్దాలని ఒకసారి, ఎలుకలేమో చూస్తానని ఒకసారి. ఎడ్నా కిందనించి, "అంతసేపు పైన ఏం వెలగబెడుతోంది?" అనేది. "సామాను సర్దుతున్నానత్తయ్యా," అని కేకేసేది జెనీన్, చేతులు పక్కలకి వదిలేసి, కళ్ళు మూసుకుని, పూర్తి ఎత్తున నిలబడి. వాన పడుతుంటే ఫెల్టు మీద ఆ చప్పుడు తలకి జానెడు పైన వినపడేది. ఆ పావుగంట చాలక, ఆ పావుగంట కోసం మిగతా వారమంతా కాచుకునేది. వంటగదిలో బంగాళాదుంపలు చెక్కుతూ ఉన్నట్టుండి పైకి చూసేది. దుకాణంలో గుడ్డ చుట్ట భుజాన వేసుకున్నప్పుడు, ఇది పరిచిన కప్పు కింద ఎవరు నిలబడతారో అనుకునేది. అయిన వయసు యాభై ఆరు. ఇంకా ఎన్నాళ్ళు పావుగంటలు?

అందుకే ఎడ్నా పోయిన రెండో ఏడు మొత్తం ధైర్యం కూడగట్టుకుని అడిగింది. అటకని గది చేయిద్దాం, కొండవైపు కప్పులో ఒక కిటికీ పెట్టిద్దాం. "గదా? నువ్వేం చేస్తావు అక్కడ?" అన్నాడు క్లైవ్. ఏమీ చెయ్యను, ఊరికే నిలబడతాను అని ఎలా చెప్పడం? ఆమె తటపటాయిస్తుంటే క్లైవే అందించాడు. "కుట్టుపనికా?" "ఆఁ," అంది. అప్పటినించీ వీధిలో అందరికీ, "మా జెనీన్ కి కుట్టుపని గది," అని చెప్పుకుంటున్నాడు ఎంతో గొప్పగా. ఊడిన బొత్తాం తప్ప జెనీన్ జన్మలో ఏదీ కుట్టలేదు. కూతురు బ్రిస్టల్ నించి ఫోను చేసి, "కుట్టుపనా? నువ్వా?" అని పడిపడి నవ్వింది.

ఇప్పుడు డెస్ కొట్టిన చెక్కముక్క చూశాక ఆమెకి అసలు సంగతి అర్థమైంది. కోరి కోరి తెచ్చుకున్న గది. ఇన్నాళ్ళూ దుమ్ములోనైనా, చీకట్లోనైనా నిలబడేది. పలకలూ సీలింగూ వచ్చాక అక్కడ కూడా ఒంగాల్సిందే. ఉన్న ఒక్క చోటూ తన చేతులారా పోగొట్టుకుంటోంది, తనే టీలు కాచి మరీ. ఆ రెండంగుళాలు వస్తే తల తగలదు. అంతే తేడా, అంతా తేడా.

బుధవారం సాయంత్రం భోజనాల దగ్గర ఎత్తింది ఆ మాట. మాంసం కూరిన బంగాళాదుంప వేపుడు పళ్ళెంలో వడ్డిస్తూ, అటు తిరిగే, "ఆ ఫెల్టు మార్పిస్తేనే మంచిదేమో," అంది.

"కారుతోందా?"

"అని కాదు."

"మరి?" క్లైవ్ ఫోర్కు కింద పెట్టాడు. బండి నేర్పేవాడి కాలు ఎప్పుడూ తన వైపు ఉన్న రెండో బ్రేకు మీదే ఉంటుంది. ఇంట్లో కూడా అంతే. ఎవరన్నా కొంచెం వేగం పెంచితే ఆ కాలు దిగుతుంది. కానీ ఈసారి దిగలేదు. అతని గొంతు వేరేగా ఉంది. "అది నాన్న వేశాడు జెనీన్. డెబ్భై ఆరో సంవత్సరం ఎండాకాలం. ఆ ఎండకి తారు కరిగి మోకాళ్ళకి అంటుకునేది. నాకు తొమ్మిదేళ్ళు. మేకులు నేనే అందించాను, డబ్బాలో వేసుకుని, నిచ్చెనెక్కి. అమ్మకి తెలిస్తే చంపేసేది. మావాడు ఒక్క మేకు కూడా కింద పడెయ్యలేదని నాన్న రెండుసార్లు చెప్పాడు, ఆ సాయంత్రం పబ్బులో. నా గురించి నాన్న పదిమందిలో చెప్పింది అదొక్కటే."

ఈ కథ జెనీన్ ఎనభైసార్లు విని ఉంటుంది. చివరి ముక్క మాత్రం ఎప్పుడూ వినలేదు.

"ఊరికే పీకించెయ్యడానికి నాకు మనసు రావట్లేదు," అన్నాడు క్లైవ్. "కారుతోందనుకో, అది వేరే. చిరిగిందనో చివికిందనో నువ్వంటే నేను మారుమాట్లాడను. నీకు తెలుసు కదా ఆ గుడ్డల సంగతి. రేపు పొద్దున్నే చూసి చెప్పు. నీ మాటే నా మాట."

ముప్ఫై అయిదేళ్ళలో మొదటిసారి ఆమెకి ఆ గుడ్డల సంగతి తెలుసునని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, తలుపు బార్లా తెరిచి పక్కకి తప్పుకున్నాడు. ఒక్క మాట చాలు, కారుతోంది అని.

అలాంటి మాటలు చెప్పడం జెనీన్ కి కొత్త కూడా కాదు. ఈ ఇంట్లో ఆమెకి దక్కిన ప్రతిదీ ఇంకొకరి పేరు మీదే దక్కింది. బట్టలుతికే మిషను ఎడ్నా దుప్పట్ల కోసం. కారు నేర్చుకోవడం ఎడ్నాని ఆసుపత్రికి తిప్పడం కోసం. ఉద్యోగం కూతురి బడి ఖర్చుల కోసం. ఈ గది కుట్టుమిషను కోసం. తనకి కావాలని, తనకే కావాలని ఆమె ఎన్నడూ నోరు తెరవలేదు. ఇప్పుడు ఇంటికప్పు పేరు చెప్తే సరి, ఏముంది అందులో?

గురువారం పొద్దున్న క్లైవ్ గడ్డం గీసుకుంటుండగా టార్చి తీసుకుని పైకెక్కింది. ఒక కొసనించి మొదలుపెట్టి, ప్రతి రెండు వాసాల మధ్యా వెలుగు వేసి చూసింది. చిరుగు కనపడాలని మొక్కుకుంటూ చూసింది. చూరు దగ్గర సాధారణంగా పెళుసైపోతుంది కాబట్టి అక్కడికి బోర్లా పడుకుని పాకింది, చొక్కా నిండా దుమ్ము. ఏమీ లేదు. పొగగొట్టం చుట్టూ నీళ్ళ మరక ఉంటుందనుకుంది. అదీ లేదు. ఎక్కడికక్కడ అంచు మీద అంచు జానెడు ఎక్కించి, మేకు పక్కన మేకు వరసగా, కొలిచినట్టు పరిచాడు మామగారు హెరాల్డ్. దుకాణానికొచ్చే వందమంది పనివాళ్ళలో ఒక్కడు ఇలా చెయ్యడు. అంత చక్కటి పని చూసి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఏ ఒక్క మేకైనా వంకరగా కొట్టి ఉండకూడదా ఆ మహానుభావుడు.

నడిదూలానికి కాస్త ఇవతల, రెండు వాసాల మధ్య ఫెల్టు కొంచెం జోలెలా దిగి ఉంది. జెనీన్ బొటనవేలు దాని మీద పెట్టింది. యాభై ఏళ్ళ తారు, ఎండిన రొట్టెలా ఉంది. కొంచెం నొక్కితే చాలు. నొక్కి, వేలు అటూ ఇటూ తిప్పితే జానెడు చిరుగు. క్లైవ్ ని పిలిస్తే వస్తాడు, చూస్తాడు, నిట్టూరుస్తాడు, సరే అంటాడు. ఎవరికీ తెలీదు. ఎవరికీ నష్టం లేదు. ఈ ఒక్కసారికి. వేలు మీద బరువు వేసింది. గుడ్డ కిర్రుమంది.

అప్పుడు ఆమెకి ఆ గది కనపడింది, పూర్తయిన గది. తెల్లటి గోడలు, కిటికీలో కొండ, తలకి తగలని సీలింగు. మధ్యలో తను నిటారుగా నిలబడి ఉంది. మెట్ల మీద క్లైవ్ అడుగుల చప్పుడు. ఆ చప్పుడు వినగానే కొత్త సీలింగు కింద తన మోకాళ్ళు వదులవుతున్నాయి, భుజాలు ముందుకొస్తున్నాయి, మెడ పక్కకి వాలుతోంది. వాలదూ మరి? కప్పు చిరిగిందని లేపిన సీలింగు అది. తను పొడుగని లేపింది కాదు. ఈ ఇంట్లో ఇద్దరూ ఒకటే ఎత్తు కదా.

అబద్ధమాడితే రెండంగుళాలు వస్తాయి. వాటిలో నిలబడే మనిషి రాదు.

జెనీన్ వేలు తీసేసింది. బొటనవేలి ముద్ర ఫెల్టు మీద నల్లగా మెరుస్తోంది, చిరగలేదు. తీసిన చేతిని చొక్కాకి తుడుచుకుని అక్కడే ఒంగి కూచుంది. ఏడవలేదు గానీ ఏడవడానికి ఎంత దగ్గరకి వెళ్ళొచ్చో అంత దగ్గరకి వెళ్ళింది. నిజం చెప్తే ఏమవుతుందో ఆమెకి తెలీదు. క్లైవ్ నవ్వుతాడేమో. నవ్వితే భరించగలదు. బాధపడతాడేమో. ఆ డాన్సులో అతని మొహంలో వెలిగిన సంతోషం గుర్తొచ్చింది. దాన్ని ఆర్పడం ఇష్టం లేకే కదా ఇన్నేళ్ళూ.

కింద తలుపు చప్పుడైంది. డెస్ గొంతు, క్లైవ్ గొంతు. నిచ్చెన కిర్రుకిర్రుమంటూ ముందు డెస్, వెనకే చెంపన సబ్బు నురగతో క్లైవ్ పైకొచ్చారు. టీ ఇంకా పెట్టలేదని జెనీన్ కి తట్టింది. పెట్టడానికి లేవలేదు.

"చూశావా? ఎక్కడ చిరిగింది?" అన్నాడు క్లైవ్.

"ఎక్కడా చిరగలేదు. చుక్క కూడా కారట్లేదు. మీ నాన్న పనికి వంక పెట్టడానికి లేదు."

క్లైవ్ మొహం విప్పారింది. "నేను చెప్పలా? ఉంచెయ్ డెస్."

"అయినా తీసేద్దాం," అంది జెనీన్.

డెస్ అలవాటుగా క్లైవ్ వైపు చూశాడు. క్లైవ్ జెనీన్ వైపు చూశాడు. "బాగానే ఉందంటున్నావు. మళ్ళీ తీసెయ్యమంటున్నావు. ఇదెక్కడి లెక్క?"

"నాకు తల తగులుతుంది."

"నాకు తగల్లేదుగా, మొన్న అందరం చూశాం. నాకు తగలంది నీకెలా..."

"నీకు తగలదు క్లైవ్. నాకు తగులుతుంది."

"పోనీ కూచుని కుట్టుకుంటావు కదా, నిలబడి కుడతారా ఎవరైనా?" అన్నాడతను, నచ్చజెప్పే గొంతుతో.

"నేనేమీ కుట్టను. నాకు కుట్టడం రాదు. నేనక్కడ నిలబడతాను. నాకు కావలసిందదే, ఇంకేమీ లేదు. ఊరికే నిలబడటం." తలెత్తి వాసాల మీది ఫెల్టు వైపు చూసింది. "మీ నాన్న గుడ్డలో ఒక గజం కోసి నీకు దాచిపెడతాను, మేకులతో సహా. కానీ అది నా తల మీద వద్దు."

జెనీన్ లేచింది, ఎప్పటిలాగే ముందు సగం లేచింది. వాసాల మధ్య ఒంగి నడిచి, డెస్ కొట్టిన చెక్క కిందికి వెళ్ళింది. చెప్పులు విడిచి పక్కన పెట్టింది. మోకాళ్ళు బిగించింది. భుజాలు వెనక్కి వెళ్ళాయి, మెడ మధ్యకి వచ్చింది. లేస్తూ ఉండగానే నెత్తి చెక్కకి ఠక్కున తగిలింది. ఇంకా లేవడానికి ఉండగానే చెక్క అడ్డమొచ్చి ఆపేసింది. డెస్ చేతిలో కొలత టేపు అలాగే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా కౌంటరు అవతల చూస్తున్న మనిషే, అయినా ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"ఒక్క నిముషం ఉండండమ్మా," అని సుత్తి తీసి, చెక్కని రెండు దెబ్బల్లో ఊడగొట్టి కింద పడేశాడు.

జెనీన్ మిగిలినది కూడా లేచింది. భర్త ఎదురుగా, వెలుగులో, కళ్ళు తెరుచుకుని. డెస్ ఆమె మడమ దగ్గర టేపు కొస తొక్కిపట్టి, పైకి లాగి, ఆమె నెత్తిమీద పెన్సిలు అడ్డం పెట్టి చదివాడు.

"ఐదడుగుల పదకొండంగుళాలు. పెంకులు దింపాల్సిందేనమ్మా," అన్నాడు, ఆమెతోనే.

క్లైవ్ ఇంకా ఆమెనే చూస్తున్నాడు. చూడటానికి తల పైకెత్తాల్సి వచ్చింది. చెంప మీద నురగ ఆరిపోయి తెల్లగా అట్టకట్టింది. అతను నవ్వలేదు. నిజంగా తెలీకే అడిగాడు.

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ," అంది జెనీన్.